గెట్టో తాళం ఎవరి చేతిలో ఉండేది?

బెళ్ళందూరులో తెలుగు తరగతి మాట ఎత్తిన ప్రతిసారీ ఎవరో ఒకరు ఒక ఇంగ్లీషు మాట విసురుతున్నారు: గెట్టో. మీ భాష, మీ బడి, మీ పిల్లలు అని గిరి గీసుకుని కూర్చుంటే అది గెట్టో కాదా అని. కన్నడిగులైన ఇరుగుపొరుగువారు అంటే అర్థం చేసుకోగలం. పదేళ్లుగా ఈ ఊళ్లో ఉంటూ కూరగాయల బండి దగ్గర కూడా కన్నడంలో నాలుగు మాటలు ఆడలేనివాళ్లను చూసి విసిగి అంటారు. కానీ ఈ మాట మాకు ఎక్కువగా వినపడుతున్నది మనవాళ్ల నోటి నుంచే. అనంతపురం నుంచో, గుంటూరు నుంచో, ఖమ్మం నుంచో వచ్చి ఔటర్ రింగ్ రోడ్డు పక్క ఆఫీసుల్లో ఉద్యోగాలు చేస్తున్న తల్లిదండ్రులు. ‘ఏమండీ, పిల్లాణ్ని ఇంత దూరం తీసుకొచ్చింది మళ్లీ తెలుగు గెట్టోలో వేయడానికా?’ అని అడుగుతారు. అడిగేది మర్యాదగానే. భయం మాత్రం నిజమైనది. దానికి జవాబు చెప్పవలసిన బాధ్యత భాష పేరుతో బడులు కోరుకునే మనమీద ఉంది.

ఆ జవాబు ఆ మాట నుంచే మొదలుపెడదాం. భాష నేర్పేవాళ్లం కదా, ఒక మాటతో మనల్ని కొడుతుంటే దాని పుట్టుపూర్వోత్తరాలు చూడకుండా ఎలా ఉంటాం?

ఇంగ్లీషుకు ఇది ఇటలీ నుంచి, అందులోనూ వెనిస్ నగరం నుంచి వచ్చింది. మన పత్రికల్లో ‘ఘెట్టో’ అని ఒత్తు పెట్టి రాస్తుంటారు. స్పెల్లింగులో ‘జి’ పక్కన ‘హెచ్’ కనిపించడంతో పడిన అలవాటు అది. ఇటాలియన్‌లో ఆ హెచ్ ఒత్తు కోసం పెట్టింది కాదు. ‘ఎ’, ‘ఇ’ అచ్చుల ముందు జి అక్షరం వస్తే వాళ్లు ‘జ’ అని పలుకుతారు. అలా కాకుండా ‘గ’ అనే పలకాలంటే మధ్యలో హెచ్ ఉండాలి. పిల్లలు ఇష్టంగా తినే స్పగెట్టిలో ఉన్న హెచ్ కూడా ఇదే. అందుకే మేం ఇక్కడ గెట్టో అనే రాస్తున్నాం. బస్, కార్ లాంటి మాటలకు చివర ‘ఉ’ తగిలించి బస్సు, కారు చేసుకోవలసి వచ్చింది గానీ, అచ్చుతో ముగిసే ఇటాలియన్ మాటలు పియానో, స్టూడియో, గెట్టో మన నోటికి ఉన్నవి ఉన్నట్టే ఎక్కాయి. తెలుగును ప్రాచ్య ఇటాలియన్ అని మురిసిపోయేవాళ్లకు ఆ మురిపెం ఇక్కడైనా కొంచెం పనికొచ్చింది.

ఆ హెచ్ తీసేస్తే మాట ‘జెట్టో’ అవుతుంది. దాని కథ అక్కడే ఉంది. వెనిస్‌లో ఒక మూల, కాలువల మధ్య, ఒకప్పుడు రాగి కరిగించి పోత పోసే కార్ఖానా ఉండేది. ఆ కార్ఖానాను అక్కడి వాడుకలో ‘జెటో’ అనేవారు. విసరడం, పోత పోయడం అని అర్థమున్న ‘జెట్టారే’ అనే క్రియ దానికి మూలం. మనం కరిగిన లోహాన్ని పోస్తాం కాబట్టి ఆ పనిని పోత అన్నాం. వాళ్లు అదే పనిని విసరడంగా చూశారు. నీళ్లు చిమ్మే ‘జెట్’ కూడా ఇదే లాటిన్ వేరు నుంచి ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి చేరింది.

మరి ‘జ’ కాస్తా ‘గ’ ఎలా అయింది? 1516లో ఆ స్థలానికి చేరిన యూదుల్లో చాలామంది జర్మన్ ప్రాంతాల నుంచి వచ్చినవారు. వాళ్ల పలుకుబడిలో అది గెట్టో అయిందన్నది ఎక్కువగా చెప్పే వివరణ. వేరే వాదాలూ ఉన్నాయి. చిన్న పేట అనే అర్థమున్న ‘బోర్గెట్టో’ తల తెగి గెట్టో అయిందని కొందరు అంటారు. విడాకుల పత్రానికి హీబ్రూలో ఉన్న ‘గెట్’ అనే మాటతో ముడిపెట్టినవారూ ఉన్నారు.

మాకు కార్ఖానా వాదమే నిలుస్తుందనిపిస్తుంది. సాక్ష్యం అక్కడి పేర్లలోనే ఉంది. 1516లో యూదులను మొదట ఉంచిన చోటు పేరు ‘గెట్టో నువోవో’, అంటే కొత్త గెట్టో. 1541లో తూర్పు దేశాల నుంచి వచ్చే యూదు వర్తకుల కోసం పక్కనున్న స్థలాన్ని కూడా కలిపారు. దాని పేరు ‘గెట్టో వెక్కియో’, అంటే పాత గెట్టో. ముందు కాపురం పెట్టింది కొత్తదీ, పాతికేళ్ల తర్వాత కలిపింది పాతదీ ఎలా అవుతాయి? ఆరో తరగతి పిల్లలకు ఈ చిక్కుముడి ఇచ్చి చూడండి, ఎవరో ఒకరు విప్పేస్తారు. ఆ పేర్లు మనుషులను బట్టి పెట్టినవి కావు. యూదులు రాకముందు నుంచే అక్కడ పాత పోత కార్ఖానా, కొత్త పోత కార్ఖానా అని జనం పిలుచుకునేవారు. మనుషులు వచ్చి ఆ పేర్లలో దూరారు.

ఇలాంటి పేర్లు మనకు కొత్త కాదు. బెంగళూరు పాతబస్తీలో కుంబారపేట ఉంది, గాణిగరపేట ఉంది. కుమ్మరులూ గానుగలూ పోయినా పేర్లు మిగిలాయి. ఆ పేర్లను ఎవరూ తిట్టుగా వాడరు. వెనిస్‌లో మాత్రం పోత కార్ఖానా పేరు ప్రపంచానికంతా తిట్టు అయి కూర్చుంది. పేటకు పట్టని గతి గెట్టోకు ఎందుకు పట్టింది?

అక్కడ జరిగినదాన్ని వివరంగా చెప్పుకోవాలి. 1516 మార్చి 29న వెనిస్ పాలకులు ఒక ఆజ్ఞ జారీ చేశారు. నగరంలోని యూదులందరూ ఆ దీవిలోనే నివసించాలి. దీవికి రెండు ద్వారాలు. పొద్దున నగరంలో గంట మోగాక తెరుస్తారు, చీకటి పడ్డాక మూస్తారు. కాపలాకు నలుగురు క్రైస్తవులను పెట్టారు. వాళ్ల జీతం యూదులే ఇచ్చుకోవాలి. చుట్టూ కాలువల్లో రాత్రంతా పడవలు గస్తీ తిరిగేవి. ఆ ఖర్చూ యూదులదే. అప్పటిదాకా ఆ ఇళ్లలో ఉన్నవాళ్లను ఖాళీ చేయించారు. కొత్తగా చేరేవాళ్లు అంతకు మూడో వంతు ఎక్కువ అద్దె కట్టాలన్నారు. రాత్రిపూట రోగిని చూడటానికి వెళ్లే వైద్యుల్లాంటి కొద్దిమందికి తప్ప చీకటి పడ్డాక బయట తిరిగే వీలు లేదు. పగలు వాళ్ల వైద్యం కావాలి, వాళ్లిచ్చే అప్పు కావాలి, వాళ్లు తెచ్చే సరుకు కావాలి. రాత్రికి మాత్రం కనపడకూడదు. జనం పెరిగారు, స్థలం పెరగలేదు. అంతస్తు మీద అంతస్తు లేచింది. లోపల కప్పులు తలకు తగిలేంత కిందికి దిగాయి. ఇప్పటికీ వెనిస్‌లో అన్నిటికన్నా ఎత్తుగా కనిపించే పాత ఇళ్లు ఆ మూలవే.

ఆ తాళం బయటివాళ్ల చేతిలో 281 ఏళ్లు ఉంది. 1797లో నెపోలియన్ సేనలు వచ్చాక ద్వారాలు పీకి తగలబెట్టారు.

ఈ కథలో బడి నడిపేవాళ్లు ఆగి చూడవలసిన సంగతి ఒకటుంది. తాళం వేసిన ఆ కొద్దిపాటి నేలలో యూదులు ఐదు ప్రార్థనాలయాలు కట్టుకున్నారు. వాటిని వాళ్లు పిలిచిన మాట ‘స్కోలా’. అంటే బడి. జర్మన్ ప్రాంతాలవాళ్లది ఒక బడి, ఇటలీవాళ్లది ఒకటి, స్పెయిన్ నుంచి తరిమివేతకు గురైనవాళ్లది మరొకటి, తూర్పు దేశాలవాళ్లది ఇంకొకటి. మొదటిది 1528లో వెలిసింది. మతం ఒకటే అయినా మాట వేరు, పలుకు వేరు, పాడే తీరు వేరు. మా తీరు మా పిల్లలకు మిగలాలి అని ఎవరి బడి వారు పెట్టుకున్నారు. బయటి గోడ వెనిస్ కట్టింది, లోపలి బడి వాళ్లు కట్టుకున్నారు. ఈ రెండూ ఒక దీవిలోనే ఉన్నా ఒకటి కాదు. మనల్ని గెట్టో అనేవారు కలిపేస్తున్నది ఈ రెంటినే.

ఆ తర్వాత మాట ఊళ్లు తిరిగింది. 1555లో పోప్ నాలుగో పాల్ రోమ్ నగరంలోనూ యూదులను గోడ వెనక్కి నెట్టాడు. వెనిస్ చూసి వచ్చిన థామస్ కోరియట్ అనే ఇంగ్లీషు యాత్రికుడు 1611లో అచ్చువేసిన పుస్తకంతో ఆ మాట ఇంగ్లీషు చదువరుల కంటపడింది. 1892లో ఇజ్రాయెల్ జాంగ్‌విల్ లండన్ యూదుల బతుకు మీద రాసిన నవల పేరులోనూ గెట్టో ఉంది. అప్పటికే అది తాళం లేని పేదపేటలకు కూడా వాడుకగా మారుతోంది. 1940లో నాజీలు వార్సాలో నాలుగు లక్షల మందికి పైగా యూదులను ఒక గోడలో బిగించి ఆ మాటకు మళ్లీ పాత అర్థాన్ని, అంతకు వేల రెట్లు క్రూరంగా, తెచ్చారు. అమెరికాలో నల్లజాతివారికి వేరేచోట ఇళ్లు దొరకనివ్వని పేటలకూ అదే పేరు నిలిచింది. ఇన్ని కన్నీళ్లు మోసిన మాటను ఇవాళ ఒక ఆరో తరగతి తెలుగు పీరియడు మీద విసురుతున్నారు.

దీన్ని మన దేశానికి అన్వయించినవాడు అంబేడ్కర్. అంటరానివారి గురించి ఆయన రాసిపెట్టుకున్న ఒక రచన పేరులో వాళ్లను ‘భారతదేశపు గెట్టో బిడ్డలు’ అన్నారు. ఆయన రచనల సంపుటాల్లో ఐదోదానిలో అది ఉంది. గెట్టో అన్న మాటకు తెలుగు చెప్పమంటే నిఘంటువు తిరగేయనక్కర్లేదు. వెలివాడ అని మనకు ముందే ఉంది. ఊరు గీత గీసి, గీతకు అవతల ఉండమన్నచోటు. 2016 జనవరిలో హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో రోహిత్ వేముల, తోటి విద్యార్థులు హాస్టల్ నుంచి బయట పడ్డాక ఆరుబయట వేసుకున్న గుడారానికి పెట్టుకున్న పేరు కూడా అదే. కాబట్టి తెలుగువాళ్లకు గెట్టో అంటే ఏమిటో వెనిస్ వచ్చి నేర్పనవసరం లేదు. కట్టినవాళ్లలోనూ మనం ఉన్నాం, అందులో ఉన్నవాళ్లలోనూ మనం ఉన్నాం.

ఇప్పుడు మన బడుల దగ్గరికి వద్దాం. రాజ్యాంగం 30వ అధికరణం మతాన్ని బట్టి గానీ భాషను బట్టి గానీ మైనారిటీలైనవారికి తమకు నచ్చిన విద్యాసంస్థలు పెట్టుకునే, నడుపుకునే హక్కు ఇచ్చింది. ‘నచ్చిన’ అన్న మాటలోనే గెట్టోకూ దీనికీ తేడా ఉంది. 350-ఏ అధికరణం, 1956లో చేర్చింది, భాషా మైనారిటీల పిల్లలకు ప్రాథమిక స్థాయిలో మాతృభాషలో చదువు చెప్పే ఏర్పాట్లకు రాష్ట్రాలు ప్రయత్నించాలంటుంది. ఎవరు మైనారిటీ అన్నది రాష్ట్రాన్ని బట్టి చూడాలని 2002లో టి.ఎం.ఎ. పాయ్ ఫౌండేషన్ కేసులో సుప్రీంకోర్టు పదకొండు మంది న్యాయమూర్తుల ధర్మాసనం తేల్చింది. ఆ కేసు పుట్టింది కర్ణాటకలోనే. దాని ప్రకారం ఇక్కడ తెలుగు మైనారిటీ భాష. ఎల్లకు అవతల కన్నడం మైనారిటీ భాష. మడకశిర, రాయదుర్గం వైపు ప్రభుత్వమే నడిపే కన్నడ మాధ్యమ బడులున్నాయి. వాటిని ఏ తెలుగువాడూ గెట్టోలు అనగా మేం వినలేదు. అనకూడదు కూడా. అక్కడి కన్నడ పిల్లలకు చెల్లిన న్యాయమే ఇక్కడి తెలుగు పిల్లలకూ చెల్లాలి.

తలుపు సంగతి కూడా చట్టం మరచిపోలేదు. ప్రభుత్వ సాయం పొందే ఏ విద్యాసంస్థా భాష, మతం, కులం, జాతి కారణంగా ఎవరికీ ప్రవేశం కాదనకూడదని 29వ అధికరణం రెండో భాగం చెబుతుంది. 1958లోనే కేరళ విద్యా బిల్లు మీద ఇచ్చిన అభిప్రాయంలో సుప్రీంకోర్టు ఒక మాట స్పష్టం చేసింది. బయటివారిని కొందరిని చేర్చుకున్నంతమాత్రాన మైనారిటీ బడి మైనారిటీ స్వభావం పోదు. అంటే రెండు వైపులా తెరుచుకునే తలుపును చట్టం ముందే బిగించి పెట్టింది. ఇక కన్నడం మాటకొస్తే, 2015 నాటి కన్నడ భాషా బోధన చట్టం రాష్ట్రంలోని బడుల్లో దశలవారీగా కన్నడాన్ని తప్పనిసరి చేసింది. తెలుగు బడిలో చదివితే కన్నడం రాదన్న భయానికి చట్టంలో చోటు లేదు. బడిలో చోటుందా అన్నది వేరే ప్రశ్న.

ఆ వేరే ప్రశ్నే మమ్మల్ని నిజంగా ఇబ్బంది పెడుతోంది. గెట్టో అన్న మాట తెలుగు బడికి అతకదు అని గెలిచేసి ఇంటికి వెళ్లిపోతే సగం నిజమే చెప్పినట్టు. బయటి నుంచి తాళం వేస్తే గెట్టో. లోపలి నుంచి వేసుకుంటే ఏమనాలి? బెళ్ళందూరులో నివసించేవాళ్లకు ఈ ప్రశ్న రోజూ ఎదురుగానే ఉంది. చెరువుకూ రింగ్ రోడ్డుకూ మధ్య ఎత్తయిన గోడలు, లోపల మన ఫ్లాట్లు, గేటు దగ్గర మనం జీతమిచ్చి పెట్టుకున్న కాపలావాళ్లు. వెనిస్‌లో లోపలివాళ్లు జీతమిచ్చింది తమను బయటికి పోనివ్వనందుకు. ఇక్కడ ఇస్తున్నది బయటివాళ్లను రానివ్వనందుకు. గోడకు అవతల ఎవరున్నారు? 2020 జనవరిలో ఇక్కడికి కూతవేటు దూరంలో, కరియమ్మన అగ్రహారంలో, వలస కూలీల రేకుల షెడ్లను బంగ్లాదేశీయులవన్న పేరుతో కూల్చేశారు. ఉన్నవాళ్లలో ఉత్తర కర్ణాటక నుంచి వచ్చినవాళ్లు కూడా ఉన్నారని తర్వాత తెలిసింది. హైకోర్టు ఆ కూల్చివేతను తప్పుపట్టింది. ఫ్లాటులో ఉన్న మనల్ని ఎవరూ మీది ఏ దేశం అని అడగరు. షెడ్డులో ఉన్నవాళ్లను అడుగుతారు.

అలాంటి షెడ్లలో తెలుగువాళ్లూ ఉన్నారు. కర్నూలు, అనంతపురం, పాలమూరు పల్లెల నుంచి వచ్చి ఇదే రోడ్డు మీద సెంట్రింగ్ కడుతున్నారు, ఇటుకలు మోస్తున్నారు, మన ఇళ్లలో అంట్లు తోముతున్నారు. వాళ్ల పిల్లలు రోజూ మనతో తెలుగులోనే మాట్లాడతారు, ‘అక్కా, లిఫ్టు పనిచేయట్లేదంట’ అని. తెలుగు బడి కావాలని సంతకాలు సేకరిస్తున్నప్పుడు ఆ షెడ్ల దగ్గరికి మనలో ఎంతమంది వెళ్లాం? 2014లో ప్రమతి కేసు తీర్పుతో మైనారిటీ బడులకు విద్యా హక్కు చట్టం వర్తించకుండా పోయింది. పేద పిల్లలకు ఇవ్వవలసిన పాతిక శాతం సీట్ల బాధ్యత చట్టరీత్యా లేదు. ఆ తీర్పును వెసులుబాటుగా తీసుకునే యాజమాన్యాలు ఉంటాయి. సర్టిఫికెట్‌లో తెలుగు ఉండి టైంటేబుల్‌లో తెలుగు లేని బడి ఉందంటే, అది భాషను కాపాడటానికి పెట్టిన తలుపు కాదు, పిల్లల్ని ఆపడానికి పెట్టినది. దాన్ని పక్కవాళ్లు గెట్టో అన్నా మనం రోషపడే హక్కు పోతుంది.

కన్నడం విషయంలోనూ ఇంతే. వారానికి రెండు పీరియడ్లు, ఎవరు ఖాళీగా ఉంటే వాళ్లు చెప్పే పాఠం, పరీక్షకు ముందు గైడు. ఇలా గడిపేస్తే ఇరుగుపొరుగువారి కోపానికి మనమే ఆజ్యం పోసినట్టు. తెలుగు, కన్నడ లిపులు ఎంత దగ్గరివో రెండూ వచ్చిన ఉపాధ్యాయులకు తెలుసు. తెలుగు చదవగల పిల్లకు కన్నడ పుస్తకంలో అక్షరాలు సగానికి పైగా చుట్టాల్లా కనిపిస్తాయి. ఒక భాష నేర్పితే రెండోది సులువయ్యే ఇంత వరం పెట్టుకుని, తెలుగు నేర్పితే కన్నడం రాదని భయపడే తల్లిదండ్రులు ఉన్నారంటే, ఆ సంగతి వాళ్లకు చూపించలేదన్నమాట. పక్కపక్కన రెండు వర్ణమాలలు గోడకు కడితే చాలు, ఉపన్యాసం అక్కర్లేదు.

తెలుగు తరగతికి కన్నడ, తమిళ, హిందీ ఇళ్ల పిల్లలు వస్తే రానివ్వాలి. వాళ్ల తల్లిదండ్రులు నవ్వుతూ అడిగినా సరే, నిజంగానే అడిగారనుకుని పేరు రాసుకోవాలి. శనివారం తరగతులు నడిపే సంఘాలు ఫీజు పెట్టేటప్పుడు ఫ్లాటు జీతాన్ని కాకుండా కూలీ రోజుని లెక్కలోకి తీసుకోవాలి. తరగతి అపార్టుమెంటు క్లబ్ హౌస్‌లో పెట్టకుండా, గేటు దగ్గర ఎవరి పేరూ ఫోన్ నంబరూ అడగని చోట పెట్టాలి. ప్రభుత్వ కన్నడ పాఠశాల ప్రధానోపాధ్యాయులను కలిసి, సెలవురోజు ఒక గది ఇమ్మని అడగవచ్చు. అక్కడికి షెడ్డు పిల్లలు ఎలాగూ వస్తున్నారు.

జూన్‌లో బడులు తెరిచేలోపు అడ్మిషన్ల నోటీసులు రాసేది మనమే. ఈసారి అది తెలుగు, కన్నడ లిపుల్లో పక్కపక్కన ఉండాలి. ఆంగ్లంలో కూడా కావాలంటే కింద వేసుకోవచ్చు. అతికించవలసిన చోట్లు కూడా రాసిపెట్టుకున్నాం: పెద్ద గేట్ల దగ్గర ఒకటీ రెండూ, రేషన్ దుకాణం, ఆంధ్రా మెస్సులు, కూలీలు పొద్దున ఆరింటికి నిలబడే మలుపు. ఆ మలుపు దగ్గర చదవడం రానివాళ్లు ఉంటారు కాబట్టి, అక్కడ మనలో ఇద్దరు నిలబడి చదివి చెప్పాలి. ఆరింటికి లేవగలిగినవాళ్లు పేర్లు ఇవ్వండి.